పిల్లప్ప మొక్కు

శిరీషకు మూడో నెల. చేపల పులుసు కోసం నాలుక పీకేస్తోంది. పుట్టిల్లు నెల్లూరు మరి. మెట్టిల్లు మాత్రం సర్జాపుర రోడ్డులోని ఈ ఫ్లాటు. ఇందులోకి చేప తోక కూడా రాకూడదు.

కారణం హాల్లో గోడకు వేలాడుతోంది. నేవీ టోపీ పెట్టుకున్న పిల్లప్ప ఫొటో. శిరీష భర్త చైతుకు ఆయన ముత్తాత.

ఆదివారం పొద్దున శిరీష మళ్లీ పులుసు మాట ఎత్తింది. వెంటనే పిల్లప్ప కోడలు, చైతు నాయనమ్మ పుల్లమ్మవ్వ కథ ఎత్తుకుంది. డెబ్బై ఆరేళ్లయినా గొంతు కంచు.

"రెండో యుద్ధంలో మా మామ ఎక్కిన ఓడ మునిగిపాయెనమ్మా. మూడు రాత్రులు చెక్క పట్టుకోని తేలినాడు. చేపలన్నీ గుంపుగా వచ్చి ఆ చెక్కను గట్టుకు తోసినాయి. 'నా ఇంట్లో మిమ్మల్ని ఎవురూ తినరు తల్లీ' అని ఆయప్ప సముద్రానికి మొక్కినాడు."

పోయినసారి చెప్పినప్పుడు రెండు రాత్రులే. శిరీష లెక్క అడగలేదు.

చైతు ఫొటోకు దండం పెట్టాడు. "ఆ చేపలు తోయకపోయుంటే నేను పుట్టేవాణ్ణే కాదు" అన్నాడు.

అంతలో కింది ఫ్లాటులో మార్త ఆంటీ వంజరం వేపుడు మొదలుపెట్టింది. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. శిరీషకు ఏడుపు తన్నుకొచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే పెట్టని ఇల్లూ ఒక ఇల్లేనా!

కథకు కథే మందు. మర్నాడు చైతు ఆఫీసుకు వెళ్లగానే ఆమె అవ్వ పక్కన చేరింది.

"అవ్వా, పిల్లప్ప తాత నా కలలోకి వచ్చాడు. మొక్కు తీరిపోయింది, పులుసు పెట్టుకోమన్నాడు. తెల్లవారుజాము కల నిజమంటారు కదా!"

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుని, తలుపు వేసుందో లేదో చూసుకుని, గొంతు తగ్గించింది.

"తెప్పించుకోమ్మీ. కడిగేది మాత్రం నువ్వే. చైతుకు చెప్పొద్దు. నేను కాపురానికొచ్చిన కొత్తలో గంపెడు చేపలు ముందరేసుకోని, కడగలేక పెరట్లో ఏడస్తా ఉంటే, తిడతా ఉండే మా అత్త నోరు మూయించేకి మా మామ ఆ పొద్దే, ఆడే నిలబడి, ఈ మొక్కు పుట్టించినాడు!"