పుట్టమ్మకు ఫోన్లు రావడం లేదు

"ఎనిమిది దినాలాయె. మీ కంపెనీ నుంచి ఒక్క ఫోను రాలేదు. మేమేం తప్పు చేసినామమ్మా?"

చైత్ర తన చెవులను నమ్మలేకపోయింది. కర్ణాటకలోని చింతామణిలో ఆ ఫోన్ కంపెనీ దుకాణం కౌంటర్లో ఆమె మూడేళ్లుగా కూర్చుంటోంది. లోను కావాలా, కాలర్ ట్యూన్ కావాలా అంటూ మీవాళ్లు ప్రాణం తీస్తున్నారని తిట్టేవాళ్లనే ఇంతవరకు చూసింది. కాల్స్ చేసేది బెంగళూరు వాళ్లయితే తిట్లు తినేది తను. అలాంటిది, ఆ కాల్స్ రావడం లేదని గొడవకొచ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు.

"ఏ కాల్స్ అప్పా మీరనేది?"

"అవే తల్లీ, లోన్లు, పాటలు అంటారే, అవి. దినానికి పదిహేను ఇరవై వస్తాండె. మొన్న పంచాయతీలో ఎవరో క్యాంపు పెట్టి, ఊర్లో అందరి నంబర్లు రాసుకొని, అనవసరమైన కాల్స్ బంద్ చేస్తామనిరి. ఎవరికి అనవసరం? మమ్మల్ని అడిగినారా?"

పెద్దాయన పేరు మునిశామప్ప. ఊరు కైవారం పక్క పల్లె. ఆయన చెప్పిన నంబరును చైత్ర కంప్యూటర్లో కొట్టి చూసింది. నిజమే, ఆ నంబరుకు ప్రచారం కాల్స్ ఆగిపోయాయి.

"ఇది మీ నంబరేనా?"

"సిమ్ము నా పేరు మీద ఉండాది. ఎత్తేది మా పుట్టమ్మ."

"ఆమె పేరు మీదే తీసుకోవాల్సిందప్పా."

"పుట్టమ్మకు ఆధారు కార్డు యాడిది?"

చైత్ర మనసు చివుక్కుమంది. "ఆమె యాడ ఉంటారు?"

"తోట కాడ, షెడ్డులో."

"షెడ్డులోనా? ఒక్కరేనా?"

"ఇంకెవరుంటారు? యాడికీ కదిలేది లేదు. మాటా లేదు. ఫోను మోగితే మాత్రం ఎత్తుతాది. ఆమె చలవతోనే మా ఇంటిల్లిపాది కూడు తింటాండాం. ఎనిమిది దినాలుగా సరిగ్గా పలకడం లేదు తల్లీ. ఇంకో వారం ఇట్లే ఉంటే మేం వీధిన పడతాం."

పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చైత్రకు జాలి వేసింది, దాని వెంటే కోపమూ వచ్చింది.

"దినామూ మీరే ఒక ఫోను చేయొచ్చు కదప్పా! ఇంట్లోవాళ్లు చేయకపోతే బయటోళ్లు చేస్తారా?"

"చేయకేం? నేను చేసినప్పుడు కరెంటు ఉండదు. కరెంటు వచ్చినప్పుడు నేను యాడో ఉంటా. అది ఎప్పుడొస్తాదో ఇచ్చే సర్కారుకే తెలీదు. మీవాళ్లయితే పొద్దస్తమానం చేస్తా ఉంటిరి, ఏదో ఒకటి తగులుతా ఉండె."

పాపం, ఆ ఫోనుకు చార్జింగు కూడా సరిగ్గా దొరకదు కాబోలు అనుకుంది చైత్ర. "ఆమెకు పింఛనికి అర్జీ పెట్టనా?"

మునిశామప్ప వింతగా చూశాడు. "పుట్టమ్మకు పింఛని ఏమిటికమ్మా? ఆమే మాకు పెడతాండాది."

లోపలి గదిలోంచి మేనేజరు దేవరాజ్ ఇదంతా విన్నాడు. కస్టమరు ఏడిస్తే హెడ్డాఫీసుకు చెప్పుకోవడానికి ఏమైనా దొరుకుతుందా అని చూసే రకం. అప్పటికప్పుడు పెద్దాయనను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, వీడియో తీసి బెంగళూరుకు పంపాడు.

"మన పంట పండింది చైత్రా! మన కాల్స్ జనానికి న్యూసెన్స్ అంటాండారే, వాళ్ల నోళ్లు మూతపడాల. రూల్స్ పెట్టే సర్కారుకు కూడా ఈ వీడియోనే చూపిస్తారంట. ఎల్లుండి పుట్టమ్మకు సన్మానం. ఆపిన కాల్స్‌ను కెమెరా ముందరే మొదలుపెడదాం."

"ఒక ముసలామె ఒంటరితనాన్ని అమ్ముకుంటాండామా సార్?"

"అమ్ముకోవడం యాడ చైత్రా? శాలువా కప్పుతాండాం కదా!"

మునిశామప్ప మాత్రం దిగులుగా లేచాడు. "ఎల్లుండి దాకానా? అంతవరకు ఆగుతాదో లేదో."

ఆ మాట చైత్రకు రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు.

మూడో రోజు పొద్దున కంపెనీ కారు పల్లెకు బయలుదేరింది. అందులో శాలువా, పూలదండ, పళ్లబుట్ట, కెమెరా మనిషి, 'ఒక్క కాల్ చాలు, ఒక ప్రాణం నిలుస్తుంది' అనే బ్యానరు ఉన్నాయి. పండ్లు నమలలేని నోటికి ఎలాగని చైత్ర సొంతంగా మెత్తని పప్పన్నం కలిపి క్యారియరులో తెచ్చింది.

తోటలో టమాటా మొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి. మునిశామప్ప వాటివైపు చూడకుండా ముందు నడిచాడు. చిన్న రేకుల షెడ్డు. తలుపుకు పసుపు, కుంకుమ, పైన ఎర్ర రంగుతో 'పుట్టమ్మ' అని రాసి ఉంది. పోనీలే, పేరైనా రాశారు అనుకుంది చైత్ర.

"అమ్మను బయటికి పిలవండి" అన్నాడు దేవరాజ్ శాలువా విప్పుతూ.

"బయటికి రాదప్పా. ఇప్పుడే కరెంటు వచ్చింది, మళ్లీ పోతాది. బిరీన ఫోను చేయండి!"

"పాపం, ఎంత ఆత్రం చూడండి" అని దేవరాజ్ కెమెరాకు చెప్పి నంబరు నొక్కాడు. చైత్ర క్యారియరును గుండెకు అదుముకుంది. బతికే ఉందా? ఎత్తుతుందా?

షెడ్డులో ఒక్క రింగు మోగింది.

"ఎత్తింది! మా పుట్టమ్మ ఎత్తింది!" మునిశామప్ప రెండు చేతులూ జోడించి ఏడ్చేశాడు.

తలుపు సందులోంచి, గోడకు బిగించిన సిమ్ము స్టార్టరు డబ్బా మీద పచ్చలైటు వెలగడం కనిపించింది. బోరు మోటరు ఆన్ అయింది.