నిలువెత్తు ఫోటో

నిండా జనంతో ఉన్న సిటీ బస్సును రోడ్డు పక్కన ఆపేసి, వెనక నుంచి కండక్టర్ అరుస్తున్నా వినిపించుకోకుండా డ్రైవర్ ఆ క్లినిక్‌లోకి దూసుకుపోయాడు. ఒళ్లు మండదూ మరి! గుమ్మం పక్కన కట్టిన నిలువెత్తు బ్యానర్ మీద తన మొహమే పళ్లికిలించి నవ్వుతోంది. దాని కింద పెద్ద పెద్ద అక్షరాలు: “మార్పిడి తర్వాత పెరగని నా లివర్, ఇక్కడి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో పెరిగింది!”

“ఎవరయ్యా ఇక్కడ మేనేజరు?”

టై కట్టుకున్న మనిషి లేచాడు. “నేనే సార్. కూర్చోండి. మంచినీళ్లు...”

“నీ మంచినీళ్లు నువ్వే తాగు! నేనెప్పుడు వేయించుకున్నానయ్యా మీ ఇంజెక్షన్లు? నాకు సగం లివర్ ఇచ్చింది మా అక్క. పొట్ట కోయించుకుని మరీ ఇచ్చింది. అది నా ఒంట్లో దానంతటదే పెరిగింది. ఆ గొప్ప కూడా మీదేనంటారా? సిగ్గుండక్కర్లా?”

వరసగా కూర్చున్న రోగులు తలలెత్తి చూశారు. కళ్లు పచ్చబడిన ఒకాయన లేచి దగ్గరకొచ్చాడు.

“మెల్లిగా సార్, పేషెంట్లున్నారు,” అన్నాడు మేనేజరు.

“వాళ్లు వినాలనే అరుస్తున్నా! ఈ వైద్యం ఇంకా పరిశోధనలోనే ఉందట. బయట ఎవరు అమ్మినా నమ్మొద్దని మా డాక్టరు చెప్పాడు. మీ ఇంజెక్షన్లతో ఒక్కరికైనా పెరిగిందా? ఆ ఒక్కరిని చూపించు, ఇక్కడే నీ కాళ్లు పట్టుకుంటా!”

మేనేజరు టై సర్దుకున్నాడు.

“అదీ సంగతి! నా మొహం చూపించి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల చెవుల్లో పూలు పెడతారన్నమాట. అసలా ఫోటో ఎవరిచ్చారు? ఆసుపత్రి వాళ్లు అమ్ముకున్నారా? పేరు చెప్పు. వాణ్ణి కోర్టుకీడుస్తా. నిన్నూ ఈడుస్తా!”

“వద్దు సార్. గొడవ పెద్దదైతే మీకే...”

“పేరు చెప్పవయ్యా!”

మేనేజరు సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందుకు తోశాడు. అడుగున ఉన్న సంతకం చూడగానే డ్రైవర్ దాన్ని చేతిలోకి లాక్కున్నాడు.

“మా అక్కా? అక్కెందుకిస్తుంది? పొద్దున కూడా ఫోన్ చేసి, ఒంట్లో ఎలా ఉందిరా, మందులేసుకున్నావా అని అడిగిందే!”

“నెల రోజులుగా ఇక్కడికే వస్తున్నారు. మీ ఫోటో ఇస్తే ఇంజెక్షన్లు ఉచితమన్నాం,” అన్నాడు మేనేజరు. “మీకు కోసిచ్చాక మిగిలిన సగం, ఆవిడకు పెరగలేదు సార్.”