అగ్నిపర్వతం పప్పు

“ఆ పప్పు ఏది పైడమ్మా?”

లలితాంబ ఇలా అడగడం మూడోసారి. వంటింటి గట్టు మీద నీలం బొమ్మల పాకెట్ ఖాళీగా పడి ఉంది. వంటమనిషి పైడమ్మ కూర తరగడం ఆపి, పుణ్యకార్యం చేసిన మొహంతో జవాబిచ్చింది.

“కుడితిలో కలిపీసి ఆవుకెట్టీసినానమ్మా.”

లలితాంబ ఖాళీ పాకెట్ తీసుకుని తిరగేసి దులిపింది. అది అలాంటిలాంటి పప్పు కాదు. గ్రీసు దేశంలో, శాంటోరిని అనే ద్వీపంలో, అగ్నిపర్వతం బూడిదలో పండిన పప్పు. ఉక్కు ప్లాంటులో పనిచేసి రిటైరైన మొగుడు శంకరరావు చేయించిన మొట్టమొదటి విదేశీయాత్రలో కొన్నది. ఇంకో రెండు గంటల్లో స్మృతి నగర్ తెలుగు మహిళా మండలి వాళ్లు పదిమంది భోజనానికి వస్తున్నారు.

ఆ మండలిలో ఒక ఆచారం ఉంది. విదేశం వెళ్లొచ్చినావిడ అక్కడి సరుకు వండి అందరికీ పెట్టాలి. ఆ దేశం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. తిన్నవాళ్లు మెచ్చుకుంటే వచ్చే ఏడాదికి ఆవిడే అధ్యక్షురాలు. చదువూ సేవా ఎవరూ అడగరు. ఆ కుర్చీ కోసం లలితాంబ ఎనిమిదేళ్లుగా ఎదురుచూస్తోంది.

“ఎందుకు పెట్టావే ఆవుకి?”

“అది ఈ ఊరోళ్ల తివడా పప్పమ్మా. మన లంకపప్పు. ఇక్కడ వరి పొలాల్లో ఎంత కావాలంటే అంత. ఎక్కువ తింటే కాళ్లు పడిపోతాయని మీలాంటోళ్లు ముట్టుకోరు గదా. ఎవుడో మిమ్మల్ని మోసం సేసి అంటగట్టినాడనుకున్నాను. నలుగురొచ్చే యేళకి అది కనబడితే మీ పరువేటైపోద్ది?”

తన పరువు కాపాడిన మనిషిని ఏమని తిట్టాలో లలితాంబకి తోచలేదు. శంకరరావు పేపరు కాస్త దించి, ఆ పప్పూ ఈ పప్పూ అక్కచెల్లెళ్లేనని పుస్తకాల్లో ఉందని చెప్పబోయాడు. ఆ ముక్క మండలి వాళ్ల ముందు అన్నారంటే రేపట్నుంచి మీ వంట మీరే చేసుకోవాలంది లలితాంబ. పేపరు మళ్లీ పైకి లేచింది.

చివరికి దారి చూపించింది పైడమ్మే. సుపేలా బజారు వెనక వాళ్లింట్లో డబ్బాడు తివడా పప్పు ఉందిట. ఆటోలో వెళ్లి అరగంటలో తెచ్చేసింది. పోపు వెయ్యొద్దంటే జబ్బుమనిషి పథ్యం కూడా ఇంతకన్నా నయమని సణిగింది. మెత్తగా ఉడికించి, మెదిపి, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం వేసి పింగాణీ గిన్నెలో పెట్టారు. చూడ్డానికి అచ్చం ద్వీపంలో తిన్నట్టే ఉంది.

అయినా లలితాంబకి ఒక భయం మిగిలింది. ఇప్పటి అధ్యక్షురాలు కుముదిని పోయినేడు అదే ద్వీపానికి వెళ్లొచ్చి, అదే పప్పు వండి పెట్టి ఆ కుర్చీ ఎక్కింది. ఏడాది కిందట తిన్న పప్పు మిగతావాళ్లకి గుర్తుండదు. కుముదిని నాలుక అలా కాదు. పులుసు నోట్లో వేసుకుని చింతపండు కొత్తదో పాతదో చెప్పే రకం.

అందరూ వచ్చారు. లలితాంబ తన నాలుగు ముక్కలు మొదలుపెట్టింది. మూడువేల ఆరువందల ఏళ్ల కిందట కొండ బద్దలై ద్వీపం నడిమి భాగం సముద్రంలో కలిసిపోయిందంది. ద్రాక్ష తీగల్ని గాలికి ఎగిరిపోకుండా నేల మీదే గంపల్లా చుట్టి పెంచుతారంది. వానల్లేని ఆ బూడిదలో మంచు తాగి బతికిన పప్పు ఇదేనని చెప్పి గరిట తీసింది.

శ్రీలక్ష్మికి అందులో అగ్నిపర్వతం పొగ వాసన తగిలింది. కుక్కరు కాస్త అడుగంటింది మరి. సెక్టర్ 2 నుంచి వచ్చిన జెన్నీకి రెండు చెంచాలు తినేసరికి మోకాళ్ల నొప్పి తగ్గినట్టనిపించింది. పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

ఇక కుముదిని వంతు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అందరూ తినడం ఆపి ఆవిడ మొహమే చూస్తున్నారు.

“పోయినేడు నేను పెట్టిన పప్పు రుచి అచ్చం ఇదే,” అంది కుముదిని.

చప్పట్లు మోగిపోయాయి. ఓట్లూ చీటీలూ ఏమీ లేకుండానే లలితాంబ అధ్యక్షురాలైపోయింది. ఈ నాలుకకా ఇన్నేళ్లూ భయపడ్డానని లోపల్లోపల నవ్వుకుంది కూడా.

అందరూ వెళ్లాక కుముదిని ఒక్కతే గేటు దగ్గర ఆగింది. లలితాంబ చెయ్యి పట్టుకుని గోడవారకి తీసుకెళ్లింది.

“నాకొక్కదానికి నిజం చెప్పు వదినా. సుపేలాలో ఏ కొట్లో కొన్నావ్?”

కొట్టేమిటి, కొనడమేమిటి, అని లలితాంబ ఏదో నసిగింది.

“కంగారెందుకు? ముందే తెలిస్తే నేనూ అక్కడే కొనేదాన్ని. పోయినేడు నేను కొన్న కొట్లో పప్పునిండా రాళ్లే.”