పదకొండు ఇళ్ళు

"ఈ అర్జీ ఇక్కడ పనికిరాదండి," అన్నాడు సత్తిరాజు.

ముసలాయన కదల్లేదు. కాగితాన్ని టేబుల్ మీద పెట్టి, గాలికి ఎగరకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

జంగారెడ్డిగూడేనికి ఎగువన, కొండవాగు మీద రిజర్వాయరు కడుతున్న రోజులవి. సత్తిరాజు తణుకు నుంచి బదిలీ మీద ఆ మండలాఫీసుకి వచ్చిన గుమాస్తా. మునిగిపోయే ఇళ్ళ జాబితా అతని టేబుల్ మీదే తయారైంది. పట్టాలు లేవని పదకొండు కొండరెడ్ల ఇళ్ళు అందులోకి ఎక్కలేదు. ఎక్కనివాళ్ళకి వేరేచోట భూమి ఇవ్వరు.

వాళ్ళ తరఫున ప్రతి సోమవారం ఆ ముసలాయనే వచ్చేవాడు. అర్జీ కింద పదకొండు వేలిముద్రలు ఉండేవి. రాసినవాడి పేరు ఉండేది కాదు.

కూలికి అర్జీలు రాసేవాడనుకున్నాడు సత్తిరాజు. ఒకరోజు విసుగెత్తి అడిగేశాడు.

"ఒక్కో కాగితానికి ఎంత తీసుకుంటారేంటండి?"

"పూటకింత జావ పోస్తున్నారు బాబూ."

సత్తిరాజుకి తలెత్తబుద్ధి కాలేదు. ఆ వారమే ఎమ్మార్వో గారిని బతిమాలి పదకొండు పేర్లూ జిల్లాకి పంపించాడు. పది రోజుల్లో తిరిగొచ్చాయి. గడువు దాటిందట.

ఆ సంగతి చెబితే ముసలాయన బెంచీ మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. వచ్చే సోమవారం మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు.

రాలేదు.

వానలు పట్టుకున్నాయి. నెల తిరిగాక పాపాయి అనే కొండరెడ్డి ముసలావిడ తడుస్తూ వచ్చి ఒక కాగితం అందించింది. చలిజ్వరంతో ఆయన పోయాడని, ఆఖరున రాసింది ఇదేనని చెప్పింది. అక్షరాలు వంకర్లు పోయాయి. అర్జీ సగం వాక్యంలో ఆగిపోయింది.

సత్తిరాజు దాన్ని ఫైల్లో పెట్టాడు. అంతకుమించి చేయగలిగింది లేదు. అప్పటికే కట్టకి గేట్లు బిగిస్తున్నారు.

ఆయన తాలూకు మనుషులకి కబురు పెడదామని, ఎక్కడుంటారని అడిగాడు.

"మాకూ తెలీదు బాబూ. పుస్తకాలు రాసేవాడంట, పెద్ద పెద్ద సభల్లో మాట్లాడేవాడంట. అన్నీ వదిలేసి మా గూడెం వచ్చేశాడు," అంది పాపాయి. "వచ్చిన రోజే మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు, ఇరవై ఏళ్ళ కిందట ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు ఈ రిజర్వాయరు కావాలని పట్టుబట్టి తెచ్చింది తనేనని."