కండ్లు మూసుకోండి

"తప్పు ఒప్పుకో కెంచమ్మా. సబై ముందర మన్నింపు అడుగు. ఇక్కడితో విడిచిపెడతాము" అన్నాడు పాస్టర్ నరసింహన్.

"అడిగింది తప్పా అయ్యా?"

"అడిగిన తీరు తప్పు."

"యా తీరున అడగాల్నో చెప్పండి. ఆ తీరునే మళ్ళీ అడుగుతాను."

వెనక బెంచీలో ఎవరికో నవ్వొచ్చింది. వెంటనే దాన్ని దగ్గు కింద మార్చుకున్నారు.

పాపారపట్టి రోడ్డు పక్కనున్న ఆ రేకుల చర్చిలో ఆదివారం ఆరాధన ముగిసి, చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయి, అక్కడివాళ్ళు సబై అని పిలుచుకునే సంఘంలోని సభ్యులు మాత్రమే మిగిలారు. మరెవరూ లోపలికి రాకుండా పాస్టరు అల్లుడు ముఖేశ్ బయట తలుపు దగ్గర నిలబడ్డాడు. అసలు గొడవంతా ఆ అల్లుడి గురించే. పోయిన నెల నరసింహన్ అతణ్ణి తీసుకొచ్చి సంఘపెద్దల కుర్చీలో కూర్చోబెట్టాడు. మేకలు కాచుకుని బతికే కెంచమ్మ లేచి, "పెద్దల్ని సబై కదా ఎన్నుకోవాల? మమ్మల్ని ఎప్పుడు అడిగినారు?" అంది. అంతే. ఆ ఒక్క ప్రశ్న నెల తిరిగేసరికి సంఘంలో కలహం రేపడం అనే పాపమైపోయింది.

"మొన్న సునామీ చూసినాక కూడా నీకు దైవభయం రాలేదా?" అన్నాడు నరసింహన్.

"సునామీలో చచ్చిపోయినోళ్ళు ఎవుర్ని ఏం ప్రశ్న అడిగినారయ్యా?"

ఆయన జనం వైపు తిరిగాడు. "అందరూ తలలు వంచండి. కండ్లు మూసుకోండి. ఎవురూ పక్కకు చూడొద్దు."

ఆ చర్చిలో ఓటు ఎప్పుడూ అలాగే. ప్రార్థనలో ఉన్నట్టే ఉండి చెయ్యెత్తాలి. చూసేది పాస్టరొక్కడే. ఎవరు ఎటో తెలియకపోతే తగవులు రావని ఆయన చెప్పేవాడు. జనానికీ అదే సుఖంగా ఉండేది.

కెంచమ్మ కూడా కళ్ళు మూసుకుంది. ఓరగా చూడొచ్చు. కానీ ప్రార్థనలో కళ్ళు తెరవడం ఆమెకు చేతకాదు. ఆమె ఆలోచనంతా చర్చి వెనకున్న సమాధుల తోటలో ఉంది. అక్కడ ఆమె భర్త బీరప్ప ఉన్నాడు. బాప్తిస్మం తీసుకున్నాక సొంత కులంవాళ్ళు ఊరి శ్మశానంలో చోటు లేదంటే, అతన్ని ఇక్కడ పెట్టారు. అతని పక్కన కెంచమ్మ కోసం కొంత నేల వదిలారు. సభ్యత్వం పోతే ఆ నేల కూడా పోతుంది.

"కెంచమ్మను సబై నుంచి తీసేసేదానికి సమ్మతించేవాళ్ళు చేతులెత్తండి."

బెంచీలు కిర్రుమన్నాయి. చీరలు గరగరలాడాయి. కెంచమ్మ పక్కనే గాజులు గలగలమన్నాయి. ఆ పక్కన కూర్చున్నది తోడబుట్టిన చెల్లెలు గౌరమ్మ.

"చేతులు దించండి. ఆమెన్. సబై సమ్మతించింది. ఈ పొద్దు నుంచి కెంచమ్మ మన సబై మనిషి కాదు."

కెంచమ్మ లేచింది. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. వీళ్ళ కాన్పులకు వెళ్ళింది, వీళ్ళ జ్వరాలకు ఉపవాసముండి ప్రార్థన చేసింది. అదంతా తలుచుకుంటే ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.

దారిలో కన్నన్ సైకిలు తోసుకుంటూ వెంటపడ్డాడు. తల్లి పోయాక అతను పెరిగింది కెంచమ్మ చేతి ముద్దలతోనే.

"అక్కా, నేను ఎత్తలేదు."

"ఓహో. అడిగినానా?"

"నిజంగా ఎత్తలేదక్కా. మిగిలినోళ్ళు ఎత్తినారేమో."

"పో నాయనా. నీ పాపం కూడా వాళ్ళ నెత్తినే వెయ్యి."

ఇంటికి చేరేలోపు ఇంకో ఇద్దరు అదే పాట పాడారు. కళ్ళు మూసుకుంటే ఎత్తడం, కళ్ళు తెరిస్తే లేదనడం. చేసిన పని చేశామని చెప్పే ధైర్యం ఆ సంఘంలో ఒక్కరికీ లేదనుకుంది. నీ ప్రశ్న నచ్చలేదు అందుకే ఎత్తినాను అని ఎవరైనా మొహమ్మీద చెప్పి ఉంటే కెంచమ్మ వాళ్ళకు మజ్జిగిచ్చి పంపేది.

సాయంత్రం గౌరమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, నేను ఎత్తలేదు."

"నీ గాజులు విన్నాను గౌరీ."

"కండ్లు తుడుచుకున్నాను."

"తుడుచుకునేదానికి అదే సమయం దొరికిందా?"

"ఏడుపొచ్చింది అక్కా. నన్ను నమ్ము."

"ఒక చేత్తో నన్ను తోసేసి ఇంకో చేత్తో కండ్లు తుడుచుకున్నావా? మీ అందర్నీ తలుచుకుంటే వాంతికొస్తుంది. ఇంక నా గడప తొక్కొద్దు. నేను చచ్చినా రావొద్దు."

గౌరమ్మ ఏదో చెప్పబోయింది. కెంచమ్మ ఆమె కాళ్ళ ముందర ఉమ్మేసి తలుపు వేసుకుంది.

ఆ వేళకు నరసింహన్ ఇంట్లో కోడికూరతో అన్నం తింటున్నాడు. భార్య లక్ష్మమ్మాళ్ వడ్డిస్తోంది.

"మీతో ఒకటి చెప్పాల. కోపం చేసుకోవద్దు" అంది చివరికి.

"చెప్పు."

"కెంచమ్మ విషయంలో నాకు చెయ్యి రాలేదు. అంతమందిలో నేనొక్కదాన్నే ఎత్తలేదని మీకు తలవంపు అయ్యిందేమో. మిగిలినోళ్ళంతా ఎత్తినారు కదా?"

నరసింహన్ ఎముక పక్కన పెట్టి, ఇంకొంచెం పులుసు పొయ్యమని కంచం జరిపాడు.

"ఒక్కరూ ఎత్తలేదు."