రేకుల దొంగ

డ్రాయింగు మాస్టారు పెరట్లో షెడ్డు రేకు మీదికి సుత్తి ఎత్తాడు. దెబ్బ పడకముందే ఆయన నెత్తిన బకెట్టెడు నీళ్ళు పడ్డాయి.

గోడ అవతల, పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగిన పెద్దాయన స్టూలెక్కి నిలబడి ఉన్నాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. షెడ్డు రేకుల మీద పోయబోయాను. చెయ్యి తడబడింది."

"రేకుల మీద మాత్రం ఎందుకండీ?" మాస్టారు మొహం తుడుచుకున్నాడు.

"అవి ఆస్బెస్టాస్ రేకులు. పొడిగా ఉండగా పగలగొడితే కంటికి కనపడనంత సన్నటి నార లేస్తుంది. గాలితో పాటు లోపలికి పోయి, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో తిష్ఠ వేస్తుంది. ముప్పై, నలభై ఏళ్ళు కిక్కురుమనదు. ఆ తర్వాత మెసోథెలియోమా. క్యాన్సరు."

"పేరు పలకడానికే నా పళ్ళు చాలడం లేదు," గుమ్మంలోంచి మాస్టారి తల్లి అంది. "అంతటి జబ్బు మనలాంటివాళ్ళకెందుకొస్తుందిరా?"

మాస్టారు లెక్క కట్టాడు. "నాకిప్పుడు నలభై ఆరు. నలభై ఏళ్ళకంటే ఎనభై ఆరు. అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం లెండి."

"మరి మీ అమ్మాయికి?"

అమ్మాయికి ఆరేళ్ళు. మాస్టారు ఆ లెక్క కట్టలేదు. చొక్కా మార్చుకునే వంకతో లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ పెద్దాయన ఆ ఇంట్లో బకెట్టు బాబాయి అయ్యాడు.

మాస్టారి భార్యకు మాత్రం నవ్వు రాలేదు. పెరట్లోని ఆ పాత షెడ్డుకు కొత్త కప్పు పడితే అది ఆమె కుట్టుగది అవుతుంది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళుగా ఆమె మిషను హాల్లో ఓ మూల దుప్పటి కప్పుకుని ఉంది. దాని మీద ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడుతూనే ఉంటారు. మాస్టారు కుట్టుగది ప్లాను తొమ్మిదిసార్లు గీశాడు. రేకు ఒక్కటీ దించలేదు. ఒకటో తారీకుకు గది సిద్ధమైతే బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆమెకే ఇస్తామన్నారు. లేకపోతే ఇంకొకరికి.

మర్నాడు బకెట్టు బాబాయి మేకు కొట్టుకోవాలని సుత్తి అడిగి పట్టుకెళ్ళాడు. తిరిగి ఇవ్వలేదు.

మాస్టారు వెనకింట్లోంచి గడ్డపలుగు తెచ్చాడు. గంటలో బాబాయి దాన్నీ పట్టుకెళ్ళాడు.

"పాత ఇనుము దుకాణం పెడుతున్నాడేమోరా," అంది తల్లి.

ఇక లాభం లేదని కోడలే వెళ్ళింది.

"బాబాయిగారూ, మా సుత్తి."

"ఇస్తే కొడతారు కదమ్మా."

"సుత్తి ఉన్నది కొట్టడానికే కదండీ."

"పదిరోజులు ఆగు తల్లీ. పని తెలిసినవాళ్ళని పిలిపిస్తాను. తడిపి, బోల్టులు విప్పి, ముక్క కాకుండా దించుతారు."

"ఎనిమిదేళ్ళు ఆగానండీ. ఇక ఆగలేను. మీకేం పని లేకపోతే మా పని చెడగొట్టకండి."

ఆయన సుత్తి మాత్రం ఇవ్వలేదు.

ఆ వారాంతంలో ఇంటిల్లిపాదీ ఓ పెళ్ళికి వెళ్ళి రెండు రోజులకు తిరిగొచ్చారు. షెడ్డుకు గోడలున్నాయి, కప్పు లేదు.

"రేకులేవీ?" అన్నాడు మాస్టారు, అడిగితే గోడలు చెబుతాయన్నట్టు.

వెనకింటావిడ చెప్పింది. "ముగ్గురొచ్చారు. తెల్లబట్టలు, మూతులకు ముసుగులు, కాళ్ళకు సంచులు. బకెట్టు బాబాయి కింద నిలబడి నీళ్ళు కొట్టిస్తున్నాడు. రేకుల్ని పసిపిల్లల్లా ప్లాస్టిక్కులో చుట్టి బండెక్కించారు. మీరే పురమాయించారనుకున్నాను."

కానిస్టేబులు వచ్చి చూశాడు.

"దొంగ బోల్టులన్నీ డబ్బాలో వేసిపెట్టి వెళ్ళాడా?"

"అవునండీ."

"నేల కూడా తుడిచినట్టున్నాడే."

"తడిగుడ్డతో," అంది మాస్టారి భార్య. మూలమూలలా వేలితో రాసి చూసింది. ఎక్కడా ధూళి లేదు. అంత శుభ్రంగా తను కూడా తుడవదు. దాంతో ఆమెకు మరీ ఒళ్ళు మండింది.

బకెట్టు బాబాయిని పిలిపించారు.

"రేకులేవి పెద్దాయనా?"

"పూడ్పించాను."

"పూడ్చడానికి అవేమన్నా చచ్చిపోయాయా?"

"ఎవర్నీ చంపకుండా ఉంటాయని."

కానిస్టేబులు తల గోక్కున్నాడు. "మీరు పగలగొట్టి పారేద్దామనుకున్నవి ఆయన పట్టుకుపోతే, నేనేమని రాయను మాస్టారూ?"

మాస్టారు ఊరుకోలేదు. పక్కింటి యజమానికి చెప్పి వారంలోగా ఆయన్ని ఖాళీ చేయించాడు. పెద్దాయన సుత్తీ గడ్డపలుగూ గేటు దగ్గర ఆనించి, బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు.

కొత్త కప్పు పడింది. ఒకటో తారీకున మిషను గదిలో చేరింది.

మూడోనాడు ఒకామె వచ్చింది. మాస్టారి భార్య టేపు అందుకుంది.

"కొలతలు కాదండీ, సంతకం కావాలి. మీ రేకుల్ని ప్రమాదకరమైన చెత్త వేసేచోట పూడ్చినట్టు కాగితం. ఆ రోజు తెల్లబట్టల్లో వచ్చినవాళ్ళలో నేనొకదాన్ని. ఆయన కూతుర్ని."

మాస్టారి భార్య సంతకం పెట్టి కాగితం తిరిగిచ్చింది.

"మేం ఆయన్ని దొంగ అన్నాం."

"మీకంటే ముందువాళ్ళు పిచ్చివాడన్నారండీ. దొంగే నయం."

"ఇప్పుడెక్కడుంటున్నారు? ఒక్కసారి వచ్చి మాట్లాడి వెళతాను."

"నాన్న చెప్పొద్దన్నాడు. ఆ వీధివాళ్ళకు ముందే తెలిస్తే సుత్తులు అరువివ్వరట."

ఇద్దరూ నవ్వారు. నవ్వాగాక మాస్టారి భార్య అడిగింది.

"అసలు ఆయనకెందుకమ్మా ఇంత తాపత్రయం?"

కూతురు కాగితాన్ని నెమ్మదిగా మడత పెట్టింది.

"నాన్న రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మొదట్లో అక్కడే రేకులు కోసేవాడు. ఆ చొక్కాలు రోజూ దులిపి ఉతికింది మా అమ్మ. ఈ జబ్బుతోనే పోయింది."

"అయ్యో."

"ఆ తర్వాత ఆయన్ని అమ్మకాలకు మార్చారండీ. మీ మామగారికి ఈ రేకులు నచ్చజెప్పి అమ్మింది నాన్నే. అలా అమ్మిన ప్రతి ఇంటి పక్కనా ఇప్పుడు అద్దెకు దిగుతూ, ఒక్కొక్క కప్పే దింపించుకుంటూ వస్తున్నాడు."