పుక్కిట నీళ్లు

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, పిల్లి ఉన్నారు. బడికి బయల్దేరుతూ ఒక్కొక్కరికీ నేను "వెళ్లొస్తాను" అనాలి, వాళ్లు బదులు పలకాలి. పలకకపోతే వాళ్లకేదో అయిపోతుందని నా భయం. ముందురోజు పిల్లి పలికేదాకా ఆగేసరికి బస్సు తప్పిపోయింది.

ఈ భయం పోవాలంటే ఇకనుంచి ఎవరూ బదులివ్వకూడదని, నన్ను చూస్తున్న డాక్టరుగారు ఇంట్లోవాళ్లకి చెప్పారు. ఆ రోజే అందుకు మొదటి పరీక్ష.

"నాన్నా, వెళ్లొస్తాను."

నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, తలకిందులుగా.

"అమ్మా, వెళ్లొస్తాను."

"బస్సొచ్చే వేళయింది. ఇది బదులు కాదులే, డాక్టరుగారిని అడిగే అంటున్నా."

పిల్లి మాత్రం అడక్కుండానే మ్యావ్ అంది. దానికెవరూ చెప్పినట్టు లేదు.

నానమ్మ గుమ్మం దగ్గరుంది, బుగ్గలు పొంగించుకుని.

"నోరాగదని నీళ్లు పుక్కిట పట్టింది మీ నానమ్మ" అంది అమ్మ.

"నానమ్మా, ఒక్కసారి పలుకు. నీకేమైనా అయితే?"

ఆవిడ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. గుటక్కున మింగింది. నేను చెవులు రిక్కించాను.

"నాకేమైనా అయితే ఆ ఘనత నా డెబ్బై ఆరేళ్లదే. మధ్యలో నువ్వు కొట్టేయకు" అని, నన్ను గడప దాటించి తలుపేసేసింది.